ఉగాదిలోపు

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నేను అంకెలు తప్పు వేసిన రోజులు చాలా ఉన్నాయి. అవన్నీ దిద్దుకున్నాను, వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఒక కుటుంబాన్ని ఇరకాటంలో పెట్టింది మాత్రం అంకె కాదు, మాట. నిండు సభలో, మైకు పట్టుకుని, గట్టిగా అన్న మాట. "ఉగాదిలోపు."

పన్ను సలహాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలిసి, మీరు చూసిన పెద్ద కేసు చెప్పండి అని అడుగుతారు. కోట్ల వ్యాపారి, అట్టపెట్టెల నిండా నోటీసులు, అలాంటిదేదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఈ కథ చెబుతాను. కొందరు నిరాశపడతారు. పడనివ్వండి.

సూరత్‌లో ఖటోదరా వైపు, మగ్గాల షెడ్ల చప్పుడు కిటికీల్లోంచి లోపలికొచ్చే పాత భవనంలో, మూడో అంతస్తులో మా ఆఫీసు. యజమాని గుజరాతీ చార్టర్డ్ అకౌంటెంటు. మేమంతా సేఠ్ అనేవాళ్ళం. మా నాన్న రైల్వే ఉద్యోగం వల్ల ఈ ఊరు చేరినవాణ్ణి కాబట్టి నాకు తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చు. తెలుగువాళ్ళ ఫైళ్ళన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. జీతాల మీద బతికే రైల్వే, బ్యాంకు ఉద్యోగులు కొందరు. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పనికి వచ్చి, పది పదిహేనేళ్ళు ఒకరి కింద చేసి, తర్వాత సొంతంగా చిన్న పని పెట్టుకున్నవాళ్ళు కొందరు.

నా ఎదురుగా కూర్చునేది మా హెడ్ క్లర్కు. ఊరంతా ఆమెను బెన్ అనేది, అంటే అక్క అని. మేమూ అంతే. ఆమె కుర్చీ వెనక గోడకి రోజుకో కాగితం చింపే గుజరాతీ క్యాలెండరు వేలాడేది. తిథి, నక్షత్రం, రోజులో ఏ గంట మంచిది, ఏ గంట చెడ్డది, అన్నీ అందులో ఉండేవి. కొత్త ఫైలు తెరవాలంటే ముందు ఆ కాగితం చూసేది. కాలేజీ రోజుల్లో హేతువాద సభల్లో వాదించి వాదించి గొంతు పెంచుకున్నవాణ్ణి నేను. ఊరుకుంటానా?

"కంప్యూటరుకి రాహుకాలం తెలుసా బెన్?" అనేవాణ్ణి.

"తెలీదు భాయ్. అందుకే మాటిమాటికీ ఆగిపోతుంది" అనేది, తలెత్తకుండా.

ఇరవై ఏళ్ళు సాగింది ఈ పోట్లాట. టీ మాత్రం ఇద్దరం ఒకే కప్పులోంచి సాసర్లోకి వంచుకుని పంచుకునేవాళ్ళం. ఆ గోడ వైపు చూడకపోవడం నాకొక నియమం. చూస్తే ఓడిపోయినట్టు. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఏటా నవరాత్రులు అయ్యాక, దీపావళికి ముందు, ఒక ఆదివారం బమ్రోలిలో తెలుగువాళ్ళ హాలు ఒకటి తీసుకుని సమావేశం పెట్టేవాణ్ణి. సర్కారు ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. సెప్టెంబరుతో సగం గడుస్తుంది. అప్పటికి ఎంత వచ్చింది, ఎంత పోయింది, పన్ను పడుతుందా, పడితే ముందే కొంత కట్టాలా, పాత పద్ధతి మేలా, కొత్త పద్ధతి మేలా, కొత్తగా మారిన నియమాలేమిటి, ఇవి చూసుకుంటే దిద్దుకోవడానికి ఇంకా అయిదు నెలలు చేతిలో ఉంటాయి. మార్చి చివరి వారంలో మేలుకుంటే భయం తప్ప ఏమీ మిగలదు. ఆ భయం మీద బతికే ఏజెంట్లు ఈ ఊళ్ళో చాలామంది. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో తెలియకుండా కష్టజీవి చేత సంతకం పెట్టించే ప్రతివాడినీ నేను మంత్రగాడి లెక్కలోనే వేస్తాను. తాయెత్తుకి బదులు రసీదు ఇస్తాడు, అంతే తేడా.

బంగారం కొనేముందు ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి బీమా తీసుకోండి, మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉంచండి, వ్యాపారం ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు పెట్టుకోండి. ఇవి ప్రతి ఏటా చెప్పేవే. వచ్చినవాళ్ళూ ప్రతి ఏటా తలూపేవాళ్ళే.

ఆ ఏడు ముందు వరసలో ఒక భార్యాభర్తలు కూర్చున్నారు. అతను పద్నాలుగేళ్ళు మగ్గం నడిపి, చెవులు కొంచెం మందగించాక ఆ పని మానేశాడు. ఆమె చీరలకి లేసు కుట్టే మిషన్లు నాలుగు పెట్టింది. మార్కెట్ నుంచి చీరల మూటలు తేవడం, ఇవ్వడం అతని పని. కుట్టించడం, లెక్క రాయడం ఆమె పని. పేరుకు వ్యాపారం అతనిది. నడిపేది ఎవరో మార్కెట్‌లో అందరికీ తెలుసు.

వాళ్ళ కష్టం ఆ మిషన్లే. బమ్రోలిలో అద్దె గది. చప్పుడు ఎక్కువైందని ఆరేళ్ళలో మూడు గదులు మార్పించారు. ఇప్పుడు భేస్తాన్‌లో ఒక పాత ఫ్లాటు దొరికింది. ఒక గది, వంటిల్లు, వెనక మూసిన వరండా. ఆ వరండాలో నాలుగు మిషన్లు సరిగ్గా పడతాయని ఆమె జానలతో కొలిచి వచ్చింది. అమ్మేది ఒక రిటైరైన గుజరాతీ మాస్టారు. బయానా తీసుకుని, అఖాత్రీజ్ నాడు, అంటే మన అక్షయ తృతీయ నాడు, తాళం చెవి ఇస్తానన్నాడు. ఆ రోజుకి బ్యాంకు అప్పు మంజూరు కాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. బ్యాంకు మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు అడిగింది. వీళ్ళ దగ్గర రెండే ఉన్నాయి. మూడోది, అన్నిటికంటే పాతది, గది మారిన గొడవలో కాగితాలు పోయి వేయలేదు.

"దానికింక మార్గం లేదా సార్?" అని అతను లేచి అడిగాడు.

ఉంది. పాత రిటర్నును పన్నూ, పైన జరిమానా కట్టి ఆలస్యంగా వేసుకునే వీలుంది. కానీ దానికీ ఆఖరి గడువు ఆ మార్చి చివరే. అది దాటితే ఆ ఏడాది తలుపు మూసుకుంటుంది. ఈ సంగతి చెప్పబోతే చట్టం మాటలు అడ్డొచ్చాయి. సంపాదించిన ఏడాదికి ఒక పేరు, దాని లెక్క చూసే ఏడాదికి ఇంకో పేరు. సంపాదించిన ఏడాదిని 'గత సంవత్సరం' అనాలట, అది ఇంకా నడుస్తున్నా సరే! హాల్లో మొహాలు ఖాళీ అయిపోయాయి. పైగా ఈ ఊళ్ళో సేఠ్‌లకి దీపావళి మర్నాడు కొత్త ఏడాది, మనవాళ్ళకి ఉగాది, సర్కారుకి ఏప్రిల్. 'ఈ ఏడాది లోపు' అంటే ఎవరి ఏడాది?

జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఒక విద్య అని నా గర్వం. అందుకే అన్నాను, "అవన్నీ వదిలేయండి. ఉగాది అనుకోండి. ఉగాదిలోపు కాగితాలు తెస్తే పని అయిపోతుంది."

హాలంతా తేలికపడింది. ఆమె తన పొడుగు నోటు పుస్తకంలో ఆ మాట రాసుకుంది. నేను చూశాను.

అంతకు ముందు ఉగాది మార్చిలో, నెల ముగియడానికి వారం పైనే ఉండగా వచ్చింది. నా మనసులో అదే ఉండిపోయింది.

ఏప్రిల్ మొదటి వారం, బుధవారం పొద్దున ఇద్దరూ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. చీరల మార్కెట్ సంచి నిండా కాగితాలు. అతని మొహం వెలిగిపోతోంది.

"నమస్తే సార్. పాత బ్యాంకుకు ఆరుసార్లు తిరిగి స్టేట్‌మెంట్ దెచ్చిన. మార్కెట్ చిట్టీలు తెచ్చిన. జుర్మానా పైసలు గూడ తయార్. ఒక్క కాగజ్ కమ్మి లేదు."

"ఇవాళ తెచ్చారేమిటయ్యా?" అన్నాను.

"జర ముందుగాలనే వస్తిమి సార్. ఉగాది మంగళారం గద. ఇంక ఆరు దినాలున్నయ్."

బెన్ పంచ్ మిషను కింద పెట్టింది.

గడువు ఆదివారంతో అయిపోయిందని చెప్పాను. అతను నవ్వాడు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి నోటు పుస్తకం తీసి, పేజీ తిప్పి, నా ముందు పెట్టింది. నా మాట, ఆమె గుండ్రటి అక్షరాల్లో.

అప్పుడు నేను చేసిన పని చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. తప్పించుకోబోయాను. "పన్ను లెక్క మార్చితో అయిపోతుందని అందరికీ తెలిసిందే కదమ్మా" అన్నాను.

"అందరికి తెలిస్తే మీ మీటింగ్ ఎందుకు సార్?" అంది ఆమె.



"ఊకో నువ్వు, సార్ కావాలని జేసిండా ఏంది?" అని భర్త ఆమెను గదమాయించాడు.

"కావాలని జేసిండని నేనంటినా? చెప్పిండని అంటున్న."

బెన్ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. తెలుగు రాకపోయినా ఉగాది అన్న మాట ఆమెకి తెలుసు. రాబోయే రోజుల కాగితాలు ఎత్తి చూసి, నా వైపు తిరిగి హిందీలో అంది. "పోయిన వర్షాకాలంలో అధిక మాసం వచ్చింది కదా భాయ్. పండుగలన్నీ వెనక్కి జరిగాయి. దీపావళి కూడా ఆలస్యంగా రాలేదూ? ఇరవై ఏళ్ళలో ఒక్కసారి ఈ గోడ వైపు చూసి ఉంటే ఏం పోయేది?"

ఏమీ పోయేది కాదు. అధిక మాసం మూఢనమ్మకం కాదు. చంద్రుడి నెలలకీ సూర్యుడి ఏడాదికీ తేడా పేరుకుపోతుంటే, దాన్ని సరిచేయడానికి ఎవరో లెక్కలవాడు వేసిన సర్దుబాటు పద్దు. మా వృత్తివాడే అయ్యుంటాడు. ఆ లెక్కని అవతల పారేసి, ఆ లెక్క మీద నిలబడ్డ పండుగ పేరుని గడువుగా వాడుకున్నాను. చూడకుండా నమ్మడం తప్పని జీవితమంతా ఉపన్యాసాలిచ్చాను. చూడకుండా వదిలేయడమూ అదే తప్పని ఆ బుధవారం తెలిసింది.

లోపలికి వెళ్ళి సేఠ్‌కి చెప్పాను. తప్పు నాదని, వాళ్ళది కాదని. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మూసిన తలుపు మనం తెరవలేం. ఇంకో దారి ఉందేమో చూడు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

బయటికి వచ్చేసరికి అతను కాగితాలు సంచిలో సర్దేస్తున్నాడు. ఒక్కొక్కటే, మడత పడకుండా. ఆమె మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"సార్, ఒక మాట అడుగుత. బ్యాంకోల్లు మూడేండ్లవి అడిగిన్రు. ఏ మూడేండ్లు?"

"ఆఖరి మూడేళ్ళవి."

"ఆఖరి అంటే? మొన్న ఆదివారంతోని ఒక ఏడు అయిపాయె అని మీరే అంటిరి. అయిపోయినంక దాని లెక్క వెయ్యరాదా? అటు దిక్కు ఒకటి తెగిపోతె, ఇటు దిక్కు ఒకటి కలుపరాదా? మూడు మూడే గద."

"అది జూలైలో వేస్తామమ్మా" అన్నాను, ఆలోచించకుండా.

"జూలైలనే ఎందుకు?"

"అందరూ జూలైలోనే వేస్తారు."

బెన్‌కి ఆ ముక్క అర్థమైంది. పడీ పడీ నవ్వింది. "జూలై! జూలై! చూశావా, భాయ్‌కి కూడా ముహూర్తం ఉంది!"

సిగ్గు ఎంత మంచి మందో అప్పుడు తెలిసింది. కూర్చుని ఆలోచించాను. జూలై దాకా ఆగడానికి ఒక కారణం లేకపోలేదు. మార్కెట్ వ్యాపారులు వీళ్ళ కూలిలోంచి కోసి సర్కారుకి కట్టే పన్ను ఉంటుంది. చివరి మూడు నెలలది మే చివర దాకా ఖాతాలో కనబడదు. పైగా ఏటా సర్కారు ఫారాలు విడుదల చేయడంలో ఆలస్యం చేసేది. అందుకని ఏప్రిల్‌లో ఆ వైపు చూడటమే మానేశాం. అది కారణమే, కాదనను. దాటలేని అడ్డు మాత్రం కాదు.

ఆ మాటే ఆమెకి చెప్పాను. "చివర్లో కోసిన పన్ను ఇప్పుడు కనబడదు. అది లేనట్టే లెక్కవేసి, ఆ మేరకు మీరు చేతి నుంచి కట్టాలి."

"తర్వాత దిద్దుకోరాదా?"

"దిద్దుకోవచ్చు. పని రెండుసార్లు చేయాలి, అంతే."

"మీరు చేస్తరు గద సార్" అంది. అడగడం కాదు అది.

కంప్యూటరు తెరిచి చూశాను. చిన్న వ్యాపారుల ఫారం ఆ ఏడు ఏప్రిల్ మొదటి తేదీనే పెట్టేశారు! ఒక తలుపు మూసిన మర్నాడే ఇంకొకటి తెరిచి ఉంది. మూడు రోజులుగా నా కళ్ళెదుటే ఉంది. బ్యాంకు అప్పుల అధికారికి ఫోన్ చేశాను. "తాజా మూడేళ్ళవా? ఇంకా మంచిది" అన్నాడతను, ఇందులో ఏముందన్నట్టు.

ఆమె నోటు పుస్తకం ఆదివారం దాకా రాసి ఉంది. ఇన్నేళ్ళలో నేను చూసిన పుస్తకాల్లో అంత శుభ్రమైనవి మూడో నాలుగో ఉంటాయి. కోటి రూపాయల వ్యాపారులు అట్టపెట్టెల్లో చిత్తుకాగితాలు తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తారు. ఈమె దారపు ఉండల ధర కూడా విడిగా రాసింది. శనివారానికి లెక్క తయారైంది. సోమవారం పొద్దున పంపడానికి ఇద్దరూ మళ్ళీ వచ్చారు.

మీట నొక్కబోతుంటే బెన్ గోడ వైపు చూసి, "అరగంట ఆగు భాయ్, ఇప్పుడు గంట మంచిది కాదు" అంది.

"నేను ఆగను" అని నొక్కాను.

సైటు ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగిపోయింది. అరగంట పాటు తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అవతల సర్వరు మీద బరువు ఎక్కువై ఉంటుందని అందరికీ వివరించాను. బెన్ ఇంకోసారి గోడ వైపు చూసింది. టీ సాసర్లోకి వంచి నా వైపు జరిపింది.

తర్వాత పని అయింది. ఫోనుకు వచ్చిన ఆరంకెలు ఆమె చదివింది, అతను నొక్కాడు, రసీదు వచ్చింది. ఆమె తేదీ చూసి పుస్తకంలో రాసుకుని, మొదటిసారి నవ్వింది.

"మీరు జెప్పింది గట్లనే అయింది సార్. ఉగాది రేపు. ఉగాదిలోపే అయింది."

ఎత్తిపొడుపో, ఓదార్పో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను.

ఆ పనికి నేను రుసుము తీసుకోలేదు, సేఠ్ అడగలేదు. జూలైలో సవరణ రిటర్ను వేసి, కోసిన పన్ను వెనక్కి ఇప్పించాను. బ్యాంకు అప్పు అఖాత్రీజ్‌కి తొమ్మిది రోజుల ముందు మంజూరైంది. మాస్టారు మంచి గంట చూసుకుని తాళం చెవి ఇచ్చాడు. గృహప్రవేశాల ముహూర్తాలకి వెళ్ళని నేను, వాళ్ళ గృహప్రవేశానికి భేస్తాన్ వెళ్ళాను. కావాలని ఆలస్యంగా బయల్దేరాను. దారిలో బస్సు త్వరగా దొరికింది.

"మీరు ముహూర్తం నమ్మరు గద సార్, ఎప్పుడన్న రాండ్రి అన్న. కరెక్ట్ టైముకు దిగిన్రు!" అన్నాడతను, గుమ్మంలోనే పట్టుకుని.

ఆమె నన్ను నేరుగా వెనక వరండాలోకి తీసుకెళ్ళింది. నాలుగు మిషన్లు గోడ వారన వరసగా ఉన్నాయి. నాలుగోదాని పక్కన ఒక మనిషి తిరిగేంత చోటు మిగిలింది. "అయిదోది పడుతది సార్" అంది. నేను కూడా జానతో కొలిచాను. పడుతుంది.

పిల్లలూ, నేను మారానా అని అడగకండి. మంచి గంటలు, చెడ్డ గంటలు ఉన్నాయని నేటికీ నేను ఒప్పుకోను. కానీ ఎదుటివాళ్ళ క్యాలెండరులో ఏముందో చూసి మాట్లాడతాను. మన దగ్గరికి వచ్చేవాళ్ళు ఏ లెక్కలో బతుకుతున్నారో తెలియకుండా ఇచ్చే సలహా ఎంత సరైనదైనా తప్పే. మరో మాట. మీ అలవాట్లలో ఏవి నియమాలో, ఏవి నా జూలై లాంటివో, అప్పుడప్పుడు ఎవరి చేతనైనా అడిగించుకోండి. కొత్త చట్టం ఇప్పుడు ఆ రెండు సంవత్సరాల పేర్లూ తీసేసి 'పన్ను సంవత్సరం' అని ఒకే మాట పెట్టింది. సంతోషం. ఆ హాల్లో నేను తడబడిన రోజే పెట్టి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

గృహప్రవేశం జరిగిన ఆ ఏడే, మళ్ళీ నవరాత్రుల తర్వాత బమ్రోలిలో సమావేశం పెట్టాను. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి సమావేశం. ఆమె అదే ముందు వరసలో, అదే నోటు పుస్తకంతో కూర్చుంది. గడువుల దగ్గరికి రాగానే చెయ్యెత్తింది.

"ఉగాదిలోపా సార్?"

కథ తెలిసినవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నేను అంతకు ముందు రోజే బెన్‌ని అడిగి వెళ్ళాను. రాబోయే ఉగాది మార్చి ముప్పైన పడుతోంది, గడువుకి సరిగ్గా ఒక రోజు ముందు. ఈసారి ఉగాదిలోపు అన్నా ఎవరికీ నష్టం లేదు. మాట నిజమే అవుతుంది.

"మార్చి ముప్పై ఒకటి లోపు అమ్మా" అన్నాను. "తారీఖే రాసుకో."